పిడికిలి ఠికాణా

పదో వారం, సోమవారం

ఫిల్టర్లు ఉతికే వంతు ఈ వారం నాది. పొద్దున్నే లేచి సొరంగంలో మా ఇళ్ళ వరసలోని గాలిగొట్టాల మూతలన్నీ విప్పి, ఎర్రదుమ్ము దులిపి, తడిగుడ్డతో తుడిచి, మళ్ళీ బిగించేసరికి నడుం పడిపోయింది. ఈ గ్రహం మీద దేనికి కొదవున్నా దుమ్ముకి మాత్రం లేదు. గోళ్ళలో దూరిందంటే రెండు రోజులు వదలదు. ఆ గోళ్ళతోనే డ్యూటీకి వచ్చాను.

డ్యూటీ చిట్టాలో ఫలితం ఒక్కటే రాయాలని నిబంధన. నేను చేరినప్పటినుంచీ నా ఇష్టం వచ్చినట్టే రాస్తున్నాను. ఎవరూ చదవరు కాబట్టి ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

సరే, ఫలితం. ఈవేళ ‘పిడికిలి’ని ఠికాణా యంత్రానికి చూపించాను. పిడికిలి అంటే నేను కొత్తగా అల్లిన ప్రొటీన్. దాన్ని పెరుగులో ఉండే సూక్ష్మజీవిలో పెడతాం. ఈ నేలలోంచి మా నీళ్ళలోకి ఒక పాడు లోహం దిగుతుంది. ఎంత వడపోసినా ఎంతో కొంత మిగులుతుంది, ఏళ్ళ తరబడి ఒంట్లో పేరుకుంటుంది. పెరుగు సూక్ష్మజీవి ఆ లోహాన్ని మింగితే, దాని లోపల ఉన్న పిడికిలి గట్టిగా పట్టుకుంటుంది, మనిషి కడుపులోంచి అలాగే వెళ్ళిపోతుంది. అదీ ఆలోచన. చిక్కల్లా ఏమిటంటే పిడికిలికి మంచి లోహం, చెడ్డ లోహం అనే తేడా తెలియదు. ఏది అందితే దాన్ని పట్టుకుంటుంది. కాబట్టి అది కణం లోపలే ఉండాలి. లోపల ఉన్నంతసేపూ అది మందు. బయటపడిందా, మనం తిన్న అన్నంలోని ఇనుమును మనకు దక్కకుండా ఎత్తుకుపోతుంది.

అది ఎక్కడుంటుందో చెప్పడమే ఠికాణా యంత్రం పని. ప్రొటీన్ ఒక పూసల దండ అనుకుంటే, మొదటి కొన్ని పూసలు దాని చిరునామా. లోపల ఉండిపోవాలా, పొరలో ఇరుక్కోవాలా, గోడకు అంటుకోవాలా, బయటికి పోవాలా అన్నది కణం ఆ పూసలను చూసే తేల్చుకుంటుంది. యంత్రం కూడా ఆ పూసలనే చదివి, ఇదివరకు చూసిన లక్షల దండలతో పోల్చి జోస్యం చెబుతుంది. పిడికిలికి ‘లోపల’ అని నూటికి అరవై, ‘బయట’ అని ముప్ఫై అయిదు వేసింది. ఇలా గోడమీద పిల్లిలా మాట్లాడినప్పుడు దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. అల్లినదాన్ని నేను. అది లోపలే ఉంటుందని నాకు తెలుసు.

యంత్రం ఎటూ తేల్చనప్పుడు కళ్ళతో చూడాలి. ప్రొటీన్‌కి మిణుగురులా వెలిగే ఒక ముక్కను అతికించి, సూక్ష్మదర్శినిలో పెట్టి, వెలుగు ఎక్కడుందో చూస్తాం. మేం దాన్ని మిణుగురు అనే పిలుస్తాం.

పదో వారం, శుక్రవారం

చూశాను. వెలుగంతా కణం లోపలే. చీకట్లో చిన్న చిన్న ఆకుపచ్చ బియ్యపుగింజల్లా ఎంత ముద్దుగా ఉన్నాయో. యంత్రం మొహాన కొట్టాలనిపించింది.

మిణుగురును దండకు ముందు కొసన అతికించి ఒకసారి, చివరి కొసన అతికించి ఒకసారి, రెండుసార్లు చూడాలని పద్ధతి. ముందు కొసకు అతికించే ముక్క ఫ్రిజ్‌లో సిద్ధంగా ఉంది. రెండోది తయారు చేయాలంటే ఇంకో నాలుగైదు రోజులు కూర్చోవాలి. కంటికి ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే రెండోసారి ఎందుకనుకున్నాను. ‘లోపల’ అని రాసి, పిడికిలి పెట్టిన పెరుగు కుండను ఊరి సభకు పంపే అరలో పెట్టాను. సభవాళ్ళు మూడు నెలలు పరీక్షించి సరేనంటే అప్పుడు ఊళ్ళోకి వెళుతుంది.

సాయంత్రం ఠికాణా గది తలుపు దగ్గరికి గౌరీశ్వరి వచ్చింది. గౌరి మా పక్కింటి పిల్ల. ఆరో నెల. మొగుడు చిన్నంనాయుడు మా వరస గాలిమనిషి. ఫ్యాన్లు, గొట్టాలు, మీటర్లు అన్నీ అతని చేతిలోనే. నేను ఒంటిదాన్నని వాళ్ళిద్దరూ నన్ను ఇంటిమనిషిలా చూస్తారు. అతను వాళ్ళ యాసలో అక్కను పిలిచినట్టు అప్పా అంటాడు, ఆమె వదినా అంటుంది. కూర ఏది వండినా నాకో గిన్నె వస్తుంది.

పెరుగుకి తోడు కావాలంది. నిన్న కరెంటు పోయి వరసలో దాదాపు అందరి తోడూ పాడైందట. చుట్టుపక్కల ఎవరిని అడిగినా ఖాళీ గిన్నె చూపిస్తున్నారట. ఈ నెలల్లో దానికి పెరుగన్నం తప్ప మరేదీ కడుపులో నిలవడం లేదు.

ఈ సొరంగంలో ఎవరేది అడిగినా లేదనొచ్చు. నీళ్ళడిగినా లేదనొచ్చు, తప్పు పట్టరు. తోడడిగితే మాత్రం లేదనకూడదు. మొదట వచ్చినవాళ్ళు పెట్టిన ఆచారం అది. ఇక్కడ ఆవులూ గేదెలూ లేవు, పాలన్నీ కుండీల్లో తయారయ్యేవే. ఒక ఇంటి తోడు చచ్చిపోతే పక్కింటి తోడే దిక్కు. నేనా పెరుగు తినను. రోజంతా ఆ సూక్ష్మజీవులను కళ్ళకు అద్దుకుని కూర్చునేదానికి తినబుద్ధి ఎలా పుడుతుంది. కాబట్టి మా ఇంట్లో తోడు లేదు. ఆ మాట చెప్పి పంపేయాల్సింది. రెండో వరసకు వెళ్ళి అడగమని చెప్పాల్సింది. కానీ దాని చూపు అరలో కుండ మీద పడింది. అంత దూరం నడిచి వెళ్ళు అని నాకు నోరు రాలేదు. లోపలే ఉందని కళ్ళారా చూశాను కదా, ఇంకేం భయమనుకున్నాను.

ఒక చెంచాడు తీసి దాని గిన్నెలో వేశాను. ఎవరికీ చెప్పకు అన్నాను. నవ్వి, నా చెవిలో చెప్పినట్టు సరే అంది.

పదమూడో వారం, బుధవారం

మూడో వరస అంతా ఇప్పుడు ‘గౌరి పెరుగు’ జపం చేస్తోంది. గిన్నె బోర్లించినా జారదట, పులుపే ఎక్కదట. తోడు పాడైన ఇళ్ళవాళ్ళందరూ దాని దగ్గరే చెంచాడు చెంచాడు పట్టుకెళ్ళారు. వాళ్ళ దగ్గర మళ్ళీ పక్కవాళ్ళు. ఆచారం కదా, ఎవరూ లేదనరు. వరస పెద్ద దమయంతిగారు కూడా పట్టుకెళ్ళారట. ఆవిడ ఎవరింట్లోదీ ముట్టరు, అలాంటిది.

ఉన్న మాట చెప్పాలంటే నాకు కొంచెం గర్వంగా కూడా ఉంది. సభ పరీక్ష ఇంకా మొదలు కాలేదు, నా పెరుగు అప్పుడే అందరి కంచాల్లోకీ వెళ్ళిపోయింది. గుట్టుగా ఉన్న గొప్పతనం కాబట్టి పైకి అనడానికి లేదు. గౌరి మాత్రం నన్ను చూసినప్పుడల్లా కన్ను గీటుతోంది.

పదహారో వారం, సోమవారం

వరసలో జనం ఆయాసపడుతున్నారు. ముందు ఎవరూ పట్టించుకోలేదు. నీళ్ళ డబ్బా మోసుకొచ్చి ఒకరు, మెట్లెక్కి ఒకరు గోడకు ఆనుకుని నిలబడిపోతున్నారు. మొహాలు పాలిపోయాయి. ఈ ఊళ్ళో ఆయాసం అనగానే అందరి కళ్ళూ గాలి వైపే వెళతాయి. వెళ్ళకేం చేస్తాయి, బయట ఊపిరి పీల్చుకునే గాలే లేనప్పుడు.

చిన్నంనాయుడు పొద్దున్నుంచీ ఫ్యాన్లు విప్పి ఇంటి ముందు పరిచాడు. ఏ తప్పూ దొరకలేదు. నేను టీ ఇస్తే తాగకుండా చేతిలో పట్టుకునే కూర్చున్నాడు.

“గాలి బాగానే ఉన్నాది అప్పా. మీటరు అబద్ధమాడదు గదా. మరెందుకిలగ ఆయాసపడిపోతన్నారో నాకు తెలవట్నేదు” అన్నాడు.

మీటరే పాడైందేమో చూడమని నేనే సలహా ఇచ్చాను. ఆ సలహా మనసులోంచి వచ్చిందే. అప్పటికి నాకు వేరే ఆలోచన లేదు.

గౌరికి రక్తం తక్కువగా ఉందని డాక్టరు మెహరున్నీసా ఇనుము మాత్రలు రాసిచ్చారు. మింగితే కడుపులో మంట పుడుతోందని గౌరి ఏడుపుమొహం పెట్టింది. దానికీ నేనే ఉపాయం చెప్పాను. ముద్ద పెరుగన్నం తిని, మాత్ర వేసుకుని, పైన ఇంకో ముద్ద తినమన్నాను. అలా చేస్తే మంట లేదట. వదిన చెప్పింది కదా అని రెండు పూటలూ అలాగే చేస్తోంది.

పద్ధెనిమిదో వారం, గురువారం

వరస సమావేశం పెట్టారు. దమయంతిగారు కుర్చీలో కూర్చుని, రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటూ మాట్లాడారు. మిగతా వరసల్లో ఎవరికీ ఏమీ లేదు, మూడో వరసకే ఎందుకొచ్చింది, అన్నదే అందరి మాటా. మూడో వరస గాలిమనిషి ఎవరు? చిన్నంనాయుడు. లెక్క తేలిపోయింది. ఒకాయన, అతను ఫ్యాన్ వేగం తగ్గించి కరెంటు మిగుల్చుకుని పేరు తెచ్చుకుంటున్నాడన్నాడు. ఇంకొకావిడ, పెళ్ళాం కడుపుతో ఉంది కదా, వాళ్ళ గదికే ఎక్కువ గాలి మళ్ళించుకుంటున్నాడేమో అంది. అందరికన్నా ఎక్కువ ఆయాసపడుతున్నది గౌరేనని ఎదురుగా కనిపిస్తూనే ఉంది, అయినా ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు.

చిన్నంనాయుడు లేచి, గాలిలో లోపం లేదన్నాడు. నవ్వారు. ఇరవయ్యో వారం గురువారం జరిగే సమావేశందాకా గడువు ఇచ్చారు. అప్పటికీ ఆయాసం తగ్గకపోతే పని తీసేసి వేరే వరసకు పంపేస్తారు. గాలిమనిషిని గాలి పనినుంచి తీసేస్తే ఈ ఊళ్ళో వాడికి ఇంకెవడూ తలుపు కూడా అప్పజెప్పడు.

నేను సమావేశంలో కూర్చుని మొహాలు చూస్తున్నాను. ఎవరు పాలిపోయారు, ఎవరు పాలిపోలేదు. కొసన ఉన్న మూడిళ్ళవాళ్ళు ఎర్రగా, నిండుగా ఉన్నారు. వాళ్ళది కూడా ఇదే గాలి, ఇదే గొట్టం. కాకపోతే కరెంటు పోయిన రోజు వాళ్ళ తోడు పాడవలేదు. వాళ్ళు గౌరి దగ్గర తెచ్చుకోలేదు. ఆ సంగతి తట్టగానే లేచి వచ్చేశాను.

ఇంటికొచ్చి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వెలుగు లోపలే ఉంది, కళ్ళారా చూశాను.

పంతొమ్మిదో వారం, శనివారం

గౌరి ఏడుస్తూ వచ్చింది. రక్తం ఇంకా తగ్గిందట. మాత్రలు వేసుకోకుండా దాచేస్తున్నావని డాక్టరు తిట్టారట.

“మింగుతునే ఉన్నాను వొదినా. నీమీద ఒట్టు. నువ్వు చెప్పినట్టే పెరుగన్నంతో మింగుతన్నాను. డాక్టరమ్మ నమ్మడం నేదు” అంది.

నేను నమ్ముతున్నాను అన్నాను. అది వెళ్ళగానే ఫ్రిజ్ తెరిచి, చివరి కొసకు మిణుగురు అతికించే పని మొదలుపెట్టాను. తొమ్మిది వారాల కింద చేయాల్సిన పని.

ఇరవయ్యో వారం, బుధవారం

పొద్దున సూక్ష్మదర్శినిలో చూశాను. కణాలు నల్లగా ఉన్నాయి. చుట్టూ ఉన్న నీళ్ళు వెలుగుతున్నాయి.

పిడికిలి బయటే ఉంది. మొదటినుంచీ బయటే ఉంది. ఎంత బుద్ధితక్కువ పనో రాస్తాను, చదివేవాళ్ళు ఎప్పటికైనా ఉంటే చదువుకోండి. చిరునామా ఉండేది దండ ముందు కొసన. నేను మిణుగురును తీసుకెళ్ళి సరిగ్గా ఆ కొసకే అతికించాను. కవరు మీద చిరునామా రాసిన చోటే కాగితం అంటించినట్టు. కణానికి చిరునామా కనిపించలేదు, ఎక్కడికి పంపాలో తెలియక లోపలే ఉంచేసుకుంది. దాన్ని చూసి నేను ‘లోపల’ అని మురిసిపోయాను. గౌరి గిన్నెలో వేసిన తోడులో మిణుగురు లేదు. చిరునామా శుభ్రంగా కనిపిస్తూనే ఉంది. కణం దాన్ని చదివి, బయటికి పంపేసింది. రెండు కొసలా చూడమని పద్ధతి పెట్టింది ఇందుకే. పని నేర్చుకోవడానికి వచ్చే పిల్లలకు మొదటి రోజు నేను చెప్పే పాఠమే ఇది.

ముప్ఫై అయిదు వేసిన యంత్రానికి ఉన్న అనుమానం కూడా నాకు లేకపోయింది.

ఇలా రాస్తుంటేనే నా చెంపలు నేను వాయించుకోవాలనిపిస్తోంది. గౌరి తిన్న ప్రతి ముద్దలోంచీ, మింగిన ప్రతి మాత్రలోంచీ ఆ పిడికిలి ఇనుమును లాక్కుపోయింది. పెరుగుతో కలిపి మింగమన్నది కూడా నేనే. తొమ్మిదో నెల వస్తోంది దానికి. ఒంట్లో రక్తం లేకుండా కాన్పు ఎలా అవుతుంది?

వెంటనే వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. చిన్నంనాయుడు లేడు, ఎక్కడో గొట్టాలు విప్పుతున్నాడు. గౌరి మంచం మీద ఉంది, పెదవులు తెల్లగా ఉన్నాయి. నన్ను చూడగానే మొహం వెలిగింది. లేవలేకపోతున్నానని, కాస్త పెరుగన్నం కలిపి పెట్టమని అడిగింది.

గిన్నె దగ్గరికి వెళ్ళాను. అన్నం తీశాను. పెరుగు గరిటె చేతిలోకి తీసుకున్నాను. ఇప్పుడు చెబుతాను, ఈ ముద్ద కలపకముందే చెబుతాను అనుకున్నాను. చెబితే ఏమవుతుందో అంతా కళ్ళముందు తిరిగింది. ఠికాణా గది తాళాలు తీసేసుకుంటారు. వరసలో ఎవరూ నా మొహం చూడరు. అంతకన్నా ముందు గౌరి చూస్తుంది, ఇక్కడే, ఈ మంచం మీదనుంచే. రేపు సమావేశం ఉంది కదా, అందరి ముందూ ఒకేసారి చెప్పేస్తే సరిపోతుంది, అనుకున్నాను. ఎంత బాగా అమర్చుకున్నానో సాకు.

మూడు గరిటెలు వేసేచోట రెండే వేశాను. అదీ నేను చేసిన మేలు. కలిపి ఇచ్చాను. తింది. చేయి కడిగించి, మాత్ర కూడా నేనే చేతిలో పెట్టాను.

ఇరవయ్యో వారం, గురువారం

సమావేశం జరగలేదు.

పొద్దున్న డాక్టరుగారి మనిషి పరుగెత్తుకుంటూ వచ్చింది. గౌరికి నొప్పులు ముందే వచ్చాయి, రక్తం పోతోంది. దానిది నెగటివ్ రకం. ఊరంతటికీ కలిపి ఆ రకం ఉన్నవాళ్ళం ముగ్గురం. దాని అన్న, దాని మేనత్త, నేను. అన్నా మేనత్తా ఇదే వరసలో ఉంటారు. ముగ్గురినీ ఆస్పత్రి గదిలో బల్ల మీద కూర్చోబెట్టారు.

డాక్టరు దాని అన్న వేలు గుచ్చి చూశారు. యంత్రం తప్పు చూపించిందనుకుని మళ్ళీ గుచ్చారు. నీకే ఎక్కించాలి అన్నారు. మేనత్త వేలు గుచ్చారు. అదే. పరీక్ష పట్టీలు తక్కువగా ఉన్నాయని ఇన్నాళ్ళూ గర్భిణులకు తప్ప ఎవరికీ చూడలేదు. గాలి, గాలి అని అందరూ అంటుంటే ఆవిడా అదే అనుకున్నారు. నా వేలు గుచ్చారు. ఒక క్షణం చూసి, పడుకోమన్నారు.

నా చేతిలోంచి రక్తం సంచిలోకి దిగుతోంది. తెర అవతల గౌరి మూలుగు వినిపిస్తోంది. చిన్నంనాయుడు వచ్చి నా తల దగ్గర నిలబడ్డాడు. రాత్రంతా ఫ్యాన్ల దగ్గరే ఉన్నాడేమో, చేతులకు ఇంకా గ్రీజు ఉంది. ఆ చేతులతోనే దణ్ణం పెట్టి, ఈ జన్మకు నీ రుణం తీర్చుకోలేను అప్పా అన్నాడు. తల కొట్టేసినట్టయింది.

డాక్టరు సంచిని కదుపుతూ తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నారు. “గాలి తక్కువైతే రక్తం ఇలా పల్చబడదు. ఇది ఇనుము లేక పల్చబడ్డ రక్తం. వీళ్ళందరికీ పల్చబడితే మీకెందుకు పల్చబడలేదు భాగ్యవతిగారూ?”

ఆవిడ నిజంగా తెలియకే అడిగారు. ఏమో అనేస్తే అక్కడితో అయిపోయేది. నా ఒళ్ళే అంత అనుకునేవారు. చిన్నంనాయుడు నా వైపు చూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం అన్నది లేదు, అదే నాకు భరించడం కష్టమైంది.

“నేను ఆ పెరుగు తినను” అన్నాను. “చిన్నంనాయుడూ, గౌరికి తోడు ఇచ్చింది నేను. పరీక్ష కాని కుండలోంచి ఇచ్చాను. అందులో నేను అల్లిన ప్రొటీన్ ఉంది. అది కణం లోపల ఉంటుందని రాశాను, లేదు, బయట ఉంది. తిన్న ఇనుమంతా అదే పట్టుకుపోతోంది. వరసంతా పాకింది.”

డాక్టరు చేయి సంచి మీదే ఆగిపోయింది. తర్వాత తలుపు దగ్గరికి వెళ్ళి, వరసలో ఎవరూ పెరుగు ముట్టకూడదని కేకేసి చెప్పించారు.

చిన్నంనాయుడుకు ముందు అర్థమైనట్టు లేదు.

“మరి గాలో?” అన్నాడు.

“గాలి బాగానే ఉంది. మొదటినుంచీ బాగానే ఉంది.”

అతను గోడకు జారబడి నేలమీద కూర్చుని, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడ్చాడు. తెర అవతల పెళ్ళాం అలా ఉండగా గాలి గురించి ఏడవడమేమిటని ఎవరైనా అనుకోవచ్చు. నాలుగు వారాలుగా తన చేతులతో తనే జనాన్ని చంపుతున్నానేమోనని నమ్మడం మొదలుపెట్టాడని నాకు అప్పుడు తెలిసింది. ఆ మాట ఎవరికీ చెప్పుకోలేదు, గౌరికి కూడా.

మధ్యాహ్నానికి ఆడపిల్ల పుట్టింది. రెండు అరచేతుల్లో పట్టేంత ఉంది. ఏడ్చింది. గౌరి బతికింది, ఇంకా పూర్తిగా గండం గడవలేదన్నారు డాక్టరు.

ఇరవయ్యో వారం, శనివారం

తాళాలు తీసేసుకున్నారు. ఈ చిట్టా మాత్రం జరిగింది జరిగినట్టు రాసి అప్పజెప్పమన్నారు, రాస్తున్నాను.

నిన్న వరసలోని పెరుగంతా మరిగించి పారబోశారు. గిన్నెలన్నీ మరుగునీళ్ళలో వేశారు. రెండో వరసవాళ్ళు గుమ్మంగుమ్మానికీ తిరిగి మంచి తోడు పెట్టారు. నా గుమ్మం దాటి వెళ్ళిపోయారు. నేను తినను కదా, అందుకేనని చెప్పుకోవచ్చు. దమయంతిగారు చిన్నంనాయుడు ఇంటికి వెళ్ళి, అందరి తరఫునా తప్పైపోయింది బాబూ అన్నారట. అతను సరేలెండి అన్నాడట, తలుపు తీయకుండానే. నేను మంచినీళ్ళకు వెళితే వరసలో అందరూ పక్కకు జరిగారు. ఎవరూ ఏమీ అనలేదు. అంటే బాగుండేది.

సాయంత్రం గౌరి నన్ను రమ్మని కబురు పెట్టింది.

పిల్ల దాని పక్కనే ఉంది, గుడ్డల్లో ముక్కు ఒక్కటే కనిపిస్తోంది. గౌరి నన్ను కూర్చోమనలేదు. నేను తప్పు చేశానని, బుద్ధి గడ్డి తిన్నదని, ఏవేవో దారిలో కూడబలుక్కున్నవన్నీ చెప్పడం మొదలుపెట్టాను. చేయి ఎత్తి ఆపింది.

“తోడు ఇచ్చినందుకు నేనేటీ అనను. అడిగింది నానే. తెలవక ఇచ్చినావు. ఒక్కటి చెప్పు వొదినా. నీకు తెలిసినాక నాను ఆ పెరుగు తిన్నానా?”

అబద్ధం చెప్పడానికి చోటుంది. గురువారం పొద్దున్నే తెలిసిందంటే చాలు. చిట్టా ఇంకా నా దగ్గరే ఉంది, తేదీ మార్చడం నా చేతిలో పని.

“తిన్నావు. రెండు పూటలు. మధ్యాహ్నం పూట నేనే కలిపి పెట్టాను” అన్నాను.

గౌరి చాలాసేపు నా చేతుల వైపు చూసింది. పిల్ల కదిలితే గుడ్డ సర్దింది. నేను వెళ్ళడానికి లేచాను. తలుపు దగ్గరికి వచ్చేసరికి వెనకనుంచి పిలిచింది.

“డాక్టరమ్మ ఇంకో సంచి కావాలంది. నీది తప్ప సరిపడదట. ఎప్పుడు రమ్మంటే అప్పుడు వొచ్చి ఇచ్చీసి వెళ్ళిపో. నాతో మాటాడకు.”

వస్తానన్నాను.